పాత ఫియట్‌కి షాకప్‌లు కొనే ముందు టేపు పట్టుకోండి

మా ఇంట్లో ఒక ప్రీమియర్ పద్మిని ఉంది, అందరూ ఫియట్ అని పిలిచే బండే. నాన్న కొన్నది, ఏపీ 03 నంబరు. 2022లో తిరుపతి వేరే జిల్లా అయినా దాని ఆర్సీలో మాత్రం ఇంకా చిత్తూరే. ఆ బండికి ఒకసారి మార్చాల్సిన షాకప్‌లు (షాక్ అబ్జార్బర్లు) నేను రెండుసార్లు మార్చాను. మొదటిసారి షాపు కౌంటర్ ముందు నిలబడి "ఫియట్‌కేనా అన్నా ఇవి?" అని అడిగితే "ఫియట్‌కే సామీ, కళ్లు మూసుకోని తీసకపో" అన్నాడు, నేను నిజంగానే కళ్లు మూసుకొని తెచ్చేశాను. నెలన్నర తిరక్కముందే, బండిలో ఐదుగురం, డిక్కీలో రెండు బియ్యం మూటలు, భాకరాపేట ఘాట్ దిగుతుంటే వెనక చక్రం ఒక గుంతలో పడి టంగుమంది. ఆ శబ్దానికి మా అమ్మ గోవిందా అనేసింది. కిందికి వంగి చూస్తే కుడివైపు వెనక షాకప్ రాడ్ వంకర పోయింది. ఇంటికొచ్చి పాతదాన్నీ కొత్తదాన్నీ పూర్తిగా లోపలికి నొక్కి పక్కపక్కన పెట్టి చూస్తే కొత్తది ముప్పై మిల్లీమీటర్లు పొడుగు. చక్రం పైకి లేచేటప్పుడు బంప్ రబ్బరు (యాక్సిల్ బాడీకి కొట్టుకోకుండా మధ్యలో ఉండే రబ్బరు దిమ్మ) తగిలి ఇంకా సరిగ్గా నొక్కుకోకముందే షాకప్ లోపల అడుగు తాకేస్తోంది, ఐదుగురు మనుషులూ రెండు మూటల బరువు ఆ సన్న రాడ్ మీద పడితే అది మాత్రం ఏం చేస్తుంది.

టేపు ఇంట్లోనే ఉండింది, కొలవాలన్న ఆలోచనే నాకు రాలేదు. ఇక్కడ రాసేదంతా ఆ దెబ్బ తర్వాత షెడ్లో కూర్చొని నేర్చుకున్నది. పద్మినిని మనసులో పెట్టుకొని రాస్తున్నా, అంబాసిడర్, పాత మారుతి 800 ఉన్నవాళ్లకి ఎక్కడ తేడా వస్తుందో అక్కడ చెప్తాను.

తప్పు షాకప్‌దేనా?

ముందు ఇది తేల్చుకోండి, ఎందుకంటే షాకప్ మీద పడే నిందల్లో సగం స్ప్రింగులవీ, బిగింపుల్లో ఉండే రబ్బరు బుష్‌లవీ. బండి బరువు మోసేది స్ప్రింగు. షాకప్‌కి బరువుతో సంబంధం లేదు, స్ప్రింగు నొక్కుకొని మళ్లీ ఎగిరేటప్పుడు ఆ ఊపుని ఆపడమే దాని ఉద్యోగం. లోపల ఒక పిస్టన్ ఆయిల్‌ని సన్నటి వాల్వుల్లోంచి తోస్తుంది, ఆయిల్ అంత తేలిగ్గా పోదు కాబట్టి ఊపు తగ్గిపోయి వేడిగా మారుతుంది. కాబట్టి "బండి వెనక కూర్చుండిపోయింది, షాకప్‌లు పోయినట్టున్నాయి" అని ఎవరైనా అంటే తల ఊపేయకండి. వెనక కూర్చుందంటే కమాన్ కట్టల (ఒకదాని మీద ఒకటి పేర్చిన ఇనుప పట్టీల స్ప్రింగు) వంపు పోయింది, లేకపోతే ఒక పట్టీ విరిగింది. పద్మినికి వెనక కమాన్ కట్టలు, ముందు కాయిల్ స్ప్రింగులు. అంబాసిడర్‌కి వెనక కమాన్‌లే కానీ ముందు టార్షన్ బార్, అంటే మెలితిరిగే ఇనుప కడ్డీ, ముందు ఎత్తు తగ్గితే సర్దాల్సింది ఆ కడ్డీనే. కొత్త షాకప్‌లు వేసినంత మాత్రాన కూర్చున్న బండి లేవదు. పైగా స్ప్రింగు కూర్చున్న బండికి కొలతలు తీసి షాకప్ కొంటే, రేపు స్ప్రింగు బాగు చేయించాక ఆ కొలతలన్నీ తప్పుతాయి. కమాన్ పని ఏమన్నా ఉంటే అది ముందు చేయించండి.

బానెట్ మూల మీద చేయి వేసి గట్టిగా నొక్కి వదిలే పరీక్ష అందరికీ తెలుసు, ఒకటిన్నర ఊపులో ఆగితే షాకప్ బాగున్నట్టు అంటారు. కాయిల్ స్ప్రింగులున్న వైపు అది కొంతవరకు పని చేస్తుంది. కమాన్ కట్టల వైపు నమ్మకండి. పట్టీకీ పట్టీకీ మధ్య రాపిడి ఉంటుంది, పాత బండి అయితే తుప్పు కూడా పట్టి ఉంటుంది, షాకప్ పూర్తిగా చచ్చిపోయినా ఆ రాపిడే ఊపుని ఆపేస్తుంది. నా బండి వెనక భాగం ఈ పరీక్షలో ఫస్ట్ క్లాసులో పాసయ్యేది, షాకప్ విప్పి చేత్తో లాగితే సైకిల్ పంపు లాగా వచ్చేసింది.

నాకు నచ్చిన పరీక్ష వేడి పరీక్ష. రంగంపేట దాటి భాకరాపేట వైపు గానీ, చిత్తూరు వాళ్లయితే పలమనేరు దారిలో మొగిలి ఘాట్ వైపు గానీ, లేకపోతే మీ ఊళ్లో ఏ గతుకుల దారి ఉంటే ఆ దారిలో ఒక పది పన్నెండు కిలోమీటర్లు నడిపి, బండి పక్కకి ఆపి, నాలుగు షాకప్‌ల ఒంటి మీద చేతి వెనక భాగం ఆనించి చూడండి. సైలెన్సర్ దగ్గర జాగ్రత్త. పని చేసే షాకప్ వెచ్చగా ఉంటుంది, ఒకే యాక్సిల్ మీద ఒకటి వెచ్చగా ఇంకోటి చల్లగా ఉంటే చల్లగా ఉన్నది పని ఎగ్గొడుతోందని అర్థం. మే నెల మధ్యాహ్నం మాత్రం ఈ పరీక్ష పెట్టకండి, అప్పుడు తిరుపతిలో డోర్ హ్యాండిల్ కూడా చేయి కాలుస్తుంది. తెల్లవారుజామున చేయండి.

ఆయిల్ కారడం గురించి ఒక్క మాట. రాడ్ దగ్గర సన్నటి తేమ, దానికి అంటుకున్న దుమ్ము ఉంటే కంగారు అక్కర్లేదు. ఆయిల్ ధార కట్టి కింది రింగు దాకా తడిసి నల్లగా మెరుస్తుంటే అది అయిపోయింది. టైరు మీద అరచేయి పెట్టి చుట్టూ నిమిరితే అక్కడక్కడ గుంటలు తగులుతుంటే చక్రం రోడ్డుని వదిలి గెంతుతోందన్నమాట, బేరింగ్, బ్యాలెన్సింగ్ చూపించి అవి బాగుంటే షాకప్ మీద అనుమానపడొచ్చు. ఇక స్పీడ్ బ్రేకర్ల మీద వచ్చే టక్ టక్ శబ్దం చాలాసార్లు షాకప్ బుష్‌దో, కమాన్ కొసన ఉండే షాకిల్ అనే లింకు బుష్‌దో అయి ఉంటుంది, రబ్బరు మారిస్తే పోయేదానికి నాలుగు షాకప్‌లు కొనిపించే మేస్త్రిలు మన దగ్గర తక్కువేం లేరు.

కొలతలు

పని మొత్తంలో ఇదే ముఖ్యం, ఓపిగ్గా చదవండి.

పాత షాకప్‌ని శాంపిల్‌గా తీసుకెళ్తే చాలదా అంటారు. అది బండితో పాటు కంపెనీ నుంచి వచ్చినదని మీకు గ్యారంటీగా తెలిస్తే చాలు. కానీ ముప్పై నలభై ఏళ్ల బండికి ఇప్పటికే ఇద్దరు ముగ్గురు మేస్త్రిలు దొరికినవి వేసి ఉంటారు, తప్పుడు శాంపిల్ తీసుకెళ్తే తప్పుడు సరుకే వస్తుంది. కొలత తీయాల్సింది బండి మీద.

బండిని చదునైన నేల మీద, మామూలుగా మీరు తిరిగే బరువుతో నిలబెట్టండి, పెట్రోలు సగం ట్యాంకు, స్టెప్నీ లోపలే. షాకప్ పై బిగింపు మధ్య నుంచి కింది బోల్టు మధ్య దాకా కొలవండి. ఇది నిలబడిన కొలత. తర్వాత యాక్సిల్‌కీ దాని పైనున్న బంప్ రబ్బరుకీ మధ్య ఖాళీ ఎంతుందో కొలవండి. తర్వాత వెనక భాగాన్ని చాసిస్ దగ్గర జాకీతో లేపి, స్టాండ్ల మీద కూర్చోబెట్టి, జాకీని నమ్ముకొని కిందికి దూరకండి, షాకప్ కింది బోల్టు విప్పి యాక్సిల్‌ని పూర్తిగా వేలాడనివ్వండి. వేలాడిన యాక్సిల్ బోల్టు నుంచి పై బిగింపు దాకా కొలిస్తే అది వేలాడిన కొలత.

ఇప్పుడు లెక్క. సులువుగా ఉండటానికి అంకెలు నేనే వేస్తున్నా, ఇవి మీ బండి కొలతలని అనుకోకండి. నిలబడిన కొలత 360 మిల్లీమీటర్లు, బంప్ రబ్బరు ఖాళీ 75 అనుకుందాం. గట్టి దెబ్బకి రబ్బరు కూడా ఇంకో 20 నొక్కుకుంటుంది. అంటే యాక్సిల్ 95 పైకి రాగలదు, అప్పుడు షాకప్‌కి మిగిలే చోటు 265. మీరు కొనే షాకప్ పూర్తిగా మూసినప్పుడు దానికంటే కనీసం పది తక్కువ, అంటే 255 లేదా అంతకంటే పొట్టిగా ఉండాలి. 285 ఉన్నది తెచ్చి బిగిస్తే భాకరాపేట ఘాట్‌లో నాకు జరిగిందే మీకూ జరుగుతుంది. షాకప్ వాలుగా బిగించి ఉంటే యాక్సిల్ కదిలినంత అది కదలదు, కాబట్టి ఈ లెక్క భద్రమైన వైపే తప్పుతుంది, పరవాలేదు. 

తెరిచిన పొడవు సంగతి. వేలాడిన కొలత 450 వచ్చిందనుకోండి. షాకప్ పూర్తిగా తెరిస్తే దానికంటే కొంచెం ఎక్కువ రావాలి, తక్కువైతే చక్రం గుంతలోకి దిగిన ప్రతిసారీ షాకప్ పై చివర కొట్టుకుంటుంది, పిస్టన్ నట్టు దెబ్బ తింటుంది, బిగింపు దగ్గర చాసిస్ రేకు చీలుతుంది. అలాగని మరీ పొడుగుదీ వద్దు. కొన్ని బండ్లలో యాక్సిల్ కిందికి మరీ దిగకుండా పట్టుకునేదే షాకప్, అలాంటి చోట పొడుగుది వేస్తే యాక్సిల్ ఇంకా కిందికి వేలాడి బ్రేక్ హోస్ పైపు తీగలా బిగుసుకుంటుంది. కొలిచేటప్పుడే ఆ హోస్ ఎంత వదులుగా ఉందో చేత్తో పట్టి చూసుకోండి.

ముందు చక్రాల దగ్గర ఇంకో జాగ్రత్త. కాయిల్ స్ప్రింగు ఉన్న బండిలో కింది ఆర్మ్‌ని (చక్రాన్ని పట్టుకొని ఉండే చేయి) జాకీతో పట్టి ఉంచకుండా షాకప్ విప్పకండి. ఆర్మ్ కిందికి జారకుండా ఆపుతున్నది ఆ షాకప్పే అయితే, మీరు బోల్టు లాగిన క్షణంలో స్ప్రింగు ఎగిరి వస్తుంది. తెలియని పనైతే ముందు భాగం మేస్త్రికే వదిలేయండి, టేపు మాత్రం మీరే పట్టుకోండి.

పొడవులు అయ్యాక బిగింపులు చూడండి. పైన మరతో ఉన్న పిన్నా, రింగా? కింద రింగు అయితే బోల్టు లావు ఎంత, బుష్ వెడల్పు ఎంత? అన్నీ ఒక కాగితం మీద రాసుకొని, ఫోన్లో ఫొటోలు తీసుకొని అప్పుడు షాపుకి బయల్దేరండి. రింగు చిన్నదైతే డ్రిల్లు వేసి పెద్దది చేద్దామనే షాపతను ఒకడు తగులుతాడు, నవ్వి ముందుకు పొండి.

ఆయిల్‌దా, గ్యాస్‌దా?

మన పాత బండ్లకి కంపెనీ ఇచ్చింది రెండు గొట్టాల ఆయిల్ షాకప్. లోపలి గొట్టంలో పిస్టన్ ఆడుతుంది, బయటి గొట్టం ఆయిల్‌కి నిల్వ గది, పైన కొంచెం గాలి. గతుకుల్లో చాలాసేపు నడిస్తే ఈ గాలి ఆయిల్‌లో కలిసి నురగ వస్తుంది, నురగని పిస్టన్ తేలిగ్గా తోసేస్తుంది, అంతవరకు బాగున్న బండి ఉన్నట్టుండి పడవలా ఊగడం మొదలుపెడుతుంది. కాసేపు ఆపితే మళ్లీ మామూలే. దీనికి మందుగా వచ్చిందే తక్కువ ఒత్తిడి గ్యాస్ షాకప్, నిర్మాణం అదే, గాలి బదులు నైట్రోజన్ నింపుతారు, ఒత్తిడి ఉండటంతో నురగ తొందరగా రాదు.

మూడో రకం ఒకే గొట్టంది, మోనోట్యూబ్. 1950లలో ఫ్రాన్సులో డి కార్బన్ అనే ఆయన రూపొందిస్తే జర్మనీలో బిల్‌స్టీన్ వాళ్లు మెర్సిడెస్ బండ్ల కోసం తయారు చేశారు. ఇందులో నైట్రోజన్ ఒత్తిడి 20 నుంచి 30 బార్ దాకా ఉంటుంది, మీ టైరులో ఉన్న గాలికి పది రెట్లకు పైమాటే. వేడిని బాగా వదులుతుంది, నురగ సమస్య దాదాపు ఉండదు. కానీ ఆ ఒత్తిడి రాడ్‌ని ఎప్పుడూ బయటికి తోస్తూ ఉంటుంది, రాడ్ లావుని బట్టి ఒక్కోటి ఇరవై కిలోల చుట్టుపక్కల బలంతో, దాంతో బండి ఎత్తు కొంచెం పెరుగుతుంది, తేలిక బండిలో ఆ తేడా కుదుపుగా తెలుస్తుంది. పైగా దీని ఒంటి మీద ఒక రాయి తగిలి సొట్ట పడితే పిస్టన్ అక్కడే ఇరుక్కుంటుంది, రెండు గొట్టాల దాంట్లో బయటి గొట్టానికి సొట్ట పడినా చాలాసార్లు లోపలిదానికి ఏమీ కాదు. మన పల్లె దారులకి ఇది చిన్న విషయం కాదు.

నా అభిప్రాయం అడిగితే, ఆదివారం కాణిపాకం దాకా వెళ్లొచ్చే బండికి మంచి కంపెనీ ఆయిల్ షాకప్ ధారాళంగా సరిపోతుంది. నెలకి రెండుసార్లు మదనపల్లె వైపో బెంగళూరో వెళ్లేవాళ్లు, ఘాట్లు ఎక్కువ తిరిగేవాళ్లు, సరిపోయే కొలతలో దొరికితే తక్కువ ఒత్తిడి గ్యాస్ వేసుకోండి. మోనోట్యూబ్ పద్మినికి నేనైతే వేయను. డబ్బు మీది, ఇష్టం మీది.

గట్టి షాకప్ పిచ్చి మాత్రం మానుకోవాలి. "సామీ, ఇది బలే గట్టిగుండాది, లోడు బండిది, ఇరిగేదే లే" అని మినీ ట్రక్కుది తెచ్చి మన బండికి బిగించే వాళ్లున్నారు. లోడు బండి షాకప్ వాల్వులు దాని బరువుకి, దాని స్ప్రింగుకి తగ్గట్టు ఉంటాయి. తేలిక బండిలో వేస్తే గుంత నుంచి వచ్చిన దెబ్బని అది మింగదు, నేరుగా బాడీకి అందిస్తుంది. పాత బండిలో బాడీ అంటే తుప్పు తిని, వెల్డింగులు పడి, ఓపిక అయిపోయిన రేకు, షాకప్ బిగించిన చోటే ముందు చీలుతుంది. ఇంకో సంగతి కూడా ఉంది. షాకప్ తెరుచుకునేటప్పుడు మరీ గట్టిగా పట్టేస్తే, వరసగా గతుకులు వచ్చినప్పుడు స్ప్రింగు మళ్లీ విప్పుకునే లోపే ఇంకో దెబ్బ పడుతుంది, అలా మెట్టు మెట్టుగా బండి కిందికి దిగిపోయి చివరికి బంప్ రబ్బరు మీద నడుస్తుంది. అప్పుడు అందరూ స్ప్రింగులు మెత్తబడ్డాయి అంటారు.

జూన్‌లో మా మామగారి తోట నుంచి తోతాపురి కాయలు నాలుగైదు క్రేట్లు డిక్కీలో వేసుకొస్తాం, ఆ రెండు ట్రిప్పుల కోసం ఏడాదంతా నడుం విరగ్గొట్టుకోవడం ఎందుకని నేను మామూలు షాకప్‌కే వచ్చేశాను. బరువు రోజూ మోసేవాళ్లు కమాన్‌కి ఒక పట్టీ కలిపించుకుంటే, అప్పుడు కొంచెం గట్టి షాకప్ అవసరమవుతుంది, గట్టి స్ప్రింగు ఎగిరే బలం కూడా ఎక్కువే కదా.

వేరే బండ్ల వాళ్లకి

మారిస్ ఆక్స్‌ఫర్డ్ నుంచి పుట్టిన తొలినాటి అంబాసిడర్లలో గొట్టం షాకప్‌లు ఉండవు, చేయి లాంటి కడ్డీతో ఇనుప డబ్బా లాగా ఉండే లివర్ రకం ఉంటుంది. అవి మీ బండికి ఇంకా ఉంటే పీకి పారేయకండి. వాటిని విప్పి సీల్స్ మార్చి ఆయిల్ నింపేలాగే చేశారు, పైన బిరడా ఉంటుంది, షాకప్ ఆయిలే పోయాలి. బ్రేక్ ఆయిల్ పోస్తే సీల్స్ ఉబ్బుతాయి, ఇంజిన్ ఆయిల్ ఆ వాల్వులకి మందం ఎక్కువ. 2014 దాకా ఉత్తరపారాలో తయారైన తర్వాతి బండ్లకి గొట్టం రకమే, సరుకు కూడా మిగతా పాత బండ్ల కంటే తేలిగ్గా దొరుకుతుంది.

మారుతి 800 వాళ్లకి ముందు ఉండేది మెక్‌ఫర్సన్ స్ట్రట్, అక్కడ షాకప్పే చక్రాన్ని నిలబెట్టే స్తంభం, స్టీరింగ్ తిరిగేది కూడా దాని మీదే. కాబట్టి రాడ్‌లో చిన్న ఆట వచ్చినా బండి పక్కకి లాగుతుంది. స్ప్రింగుని నొక్కిపట్టే పనిముట్టు లేకుండా పై నట్టు విప్పడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే, తాడుతో కట్టి విప్పేస్తాం అనే షెడ్డు నుంచి బండి వెనక్కి తెచ్చుకోండి. వెనక సంగతికొస్తే 1983లో వచ్చిన మొదటి మోడల్‌కి కమాన్ పట్టీలు, 1986లో వచ్చిన కొత్త ఆకారం బండికి కాయిల్ స్ప్రింగులు, షాపులో "ఎయిట్ హండ్రెడ్" అని మాత్రమే చెప్తే చాలదు.

ఎక్కడ కొనాలి

రేణిగుంట రోడ్డు షాపుల్లో మారుతివి దొరుకుతాయి, పద్మినివి అదృష్టం. నేను రెండోసారి చెన్నై వెళ్లాను, మౌంట్ రోడ్ పక్కన జీపీ రోడ్డులో మూడు షాపులు తిరిగితే నాలుగోదాంట్లో దొరికాయి. బెంగళూరు దగ్గరైన పలమనేరు, కుప్పం వాళ్లకి జేసీ రోడ్డు మేలు. చెన్నైలోనే పుదుపేట లాంటి చోట్ల వాడేసిన సామాన్లు దొరుకుతాయి, డోర్ హ్యాండిళ్లు, మీటర్లు, గ్రిల్లులు అక్కడ కొనండి, షాకప్ మాత్రం సెకండ్ హ్యాండ్ కొనకండి.

కంపెనీ పేరు విషయంలో నేను సింపుల్. 1961లో మొదలైన గాబ్రియేల్ ఇండియా లాంటి, కొత్త బండ్లకి సరుకు ఇచ్చే కంపెనీది మీ కొలతకి దొరికితే అదే తీసుకోండి, డబ్బా మీద పార్ట్ నంబరు, షాకప్ ఒంటి మీద ముద్ర రెండూ ఒకటేనో కాదో చూసుకోండి. అచ్చు తప్పులున్న డబ్బా, బిల్లు ఇవ్వననే షాపు, రెండూ వద్దు.

పాత స్టాకు అని ఇరవై ఏళ్లుగా అటక మీద ఉన్న అసలు కంపెనీ షాకప్‌లు చూపించి ఎక్కువ ధర అడుగుతారు. చూడగానే మనసు లాగుతుంది, నాకూ లాగింది. కానీ ఆయిల్ సీల్ రబ్బరే కదా, అన్నేళ్లు వాడకుండా పడుంటే గట్టిపడి, వాడిన రెండు నెలలకే కారుతుంది. రాడ్‌ని పూర్తిగా బయటికి లాగి వెలుతురులో తిప్పి చూడండి, సూది మొన అంత తుప్పు చుక్క ఉన్నా సీల్‌ని అది ఆకురాయిలా కోస్తుంది.

రీకండిషన్ గురించి కూడా అడుగుతారు. మన షెడ్లలో గొట్టం కోసి, చేతికొచ్చిన ఆయిల్ పోసి, మళ్లీ వెల్డింగ్ పెట్టి పెయింట్ కొట్టి ఇస్తారు. చేత్తో లాగితే బ్రహ్మాండంగా గట్టిగా ఉంటుంది, ఎందుకంటే పోసింది చిక్కటి ఆయిల్, పొద్దున చల్లగా ఉన్నప్పుడు రాయిలా ఉండి ఘాట్ ఎక్కేసరికి నీళ్లవుతుంది. ఎక్కడా కొత్తది దొరకని బండికి, పని తెలిసినవాడు సరైన సీల్, సరైన ఆయిల్‌తో చేస్తే ఒప్పుకోవచ్చు. గ్యాస్ షాకప్‌ని మాత్రం ఎవరూ కోయకూడదు, డ్రిల్లు పెట్టకూడదు, అది పేలుతుంది.

కౌంటర్ దగ్గరే చేయాల్సిన పని ఒకటుంది. ఆయిల్ షాకప్‌ని నిలువుగా పట్టుకొని, రాడ్ పైకి ఉండేలా, ఐదారుసార్లు పూర్తిగా లాగి పూర్తిగా నొక్కండి. డబ్బాలో అడ్డంగా పడుకొని ఉంటుంది కాబట్టి మొదటి రెండు మూడు సార్లు మధ్యలో ఖాళీగా అనిపిస్తుంది, లోపలి గొట్టంలోకి గాలి చేరి ఉంటుంది, అది పోతుంది. తర్వాత కూడా దిశ మార్చేచోట చేతికి వదులు తగిలితే ఇంకో పీస్ అడగండి. సాధారణంగా లాగేటప్పుడు బరువు ఎక్కువ, నొక్కేటప్పుడు తక్కువ ఉంటుంది, ఉండాలి కూడా. రెండు షాకప్‌లూ ఒకేలా ఉన్నాయా చూడండి. గ్యాస్‌ది అయితే నొక్కి వదిలితే దానంతట అదే మెల్లగా పైకి రావాలి, రాకపోతే గ్యాస్ పోయింది. చేతి వేగంతో రోడ్డు దెబ్బ తెలియదు, మంచి షాకప్‌ని ఇలా పట్టలేం, చచ్చినదాన్ని మాత్రం పట్టేయొచ్చు. అక్కడే టేపు తీసి మూసిన పొడవు, తెరిచిన పొడవు మీ కాగితంతో పోల్చుకోండి. షాపతను విసుక్కుంటాడు, విసుక్కోనివ్వండి.

కొనేది జతగా, ఒక యాక్సిల్‌కి రెండూ కొత్తవే. ఒక పక్క కొత్తది ఒక పక్క పాతది వేస్తే బ్రేక్ పడినప్పుడు, మలుపులో బండి రెండు రకాలుగా ప్రవర్తిస్తుంది.

బిగించే రోజు

ముందు రోజు రాత్రే పాత నట్లకి తుప్పు వదిలే ఆయిల్ కొట్టి పెట్టండి. ఇంట్లో పెట్టి ఉంచిన ఆయిల్ షాకప్‌ని బిగించే ముందు మళ్లీ నిలువుగా పట్టి నాలుగైదుసార్లు ఆడించండి. పై పిన్ను నట్టు బిగించేటప్పుడు రాడ్ తిరుగుతుంటే మేస్త్రి వెంటనే కటింగ్ ప్లేయర్‌తో రాడ్‌నే పట్టుకోబోతాడు, చేయి అడ్డం పెట్టైనా ఆపండి. ఆ పళ్ల గీత సీల్‌ని తినేస్తుంది, కొత్త షాకప్ మూడు నెలల్లో కారుతుంది. పిన్ను కొసన పట్టుకోవడానికే చదును చేసి ఉంటుంది, అక్కడ స్పానర్ పెట్టాలి. నట్టు కూడా రబ్బరు ఉబ్బి వాషర్ అంచు దాకా వచ్చేంతవరకే, నలిగి పిండి అయ్యేదాకా బిగించొద్దు.

కింది రింగు బోల్టు విషయం చాలా షెడ్లలో పట్టించుకోరు. బండి గాల్లో ఉండగా వదులుగా ఎక్కించి, చక్రాలు వేసి, బండిని నేల మీదికి దించాకే చివరి బిగింపు వేయాలి. గాల్లో ఉన్నప్పుడే బిగిస్తే యాక్సిల్ వేలాడే స్థితిలో రబ్బరు బుష్ పట్టుకుంటుంది, బండి దించగానే అది మెలితిరిగిపోయి ఎప్పుడూ ఆ మెలికలోనే ఉండి తొందరగా చీలుతుంది. రబ్బరు బదులు గట్టి ప్లాస్టిక్ లాంటి పాలీయురెథేన్ బుష్‌లు వేయమంటారు కొందరు, ఎక్కువ కాలం వస్తాయి నిజమే కానీ కుదుపు, శబ్దం పెరుగుతాయి, నేను రబ్బరుకే ఓటేశాను.

స్ట్రట్ మార్చిన బండికి వీల్ అలైన్‌మెంట్ తప్పనిసరి. మిగతావాటికి ఒక 500 కిలోమీటర్లు తిరిగాక నాలుగు నట్లూ స్పానర్ పెట్టి చూసుకుంటే చాలు. నేను కొత్తవి వేశాక కొలతలు, పార్ట్ నంబరు, తేదీ ఒక చీటీ మీద రాసి, తీసేసిన షాకప్‌కి గుచ్చి డిక్కీలో స్టెప్నీ కింద పెట్టాను. వంగిన రాడ్ కూడా అక్కడే ఉంది, మేస్త్రి ఎప్పుడైనా "కొలతెందుకు సామీ, ఫియట్‌దే కదా" అంటే తీసి చూపిస్తాను.